తాళంచెవి ఎవరి దగ్గరుంది?

1966 జనవరిలో ఎంఐటీకి చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ టైప్ చేసిన మాటలకు జవాబిచ్చే ‘ఎలైజా’ అనే తన ప్రోగ్రాం గురించి ఒక పత్రం ప్రచురించాడు. అందులో నమూనాగా ఒక సంభాషణ ఇచ్చాడు. టైప్ చేస్తున్న మహిళ, తన బాయ్‌ఫ్రెండ్ పోరు పడలేక ఇక్కడికి వచ్చానని మొదట్లోనే చెబుతుంది. తర్వాత మాట అమ్మ మీదికి, అక్కడి నుంచి నాన్న మీదికి మళ్లుతుంది. చివర్లో ఆమె ‘దబాయించేవాళ్లు’ అని ఒక్క మాట టైప్ చేసి ఊరుకుంటుంది. ఎలైజా జవాబు: ‘మీ బాయ్‌ఫ్రెండ్ మిమ్మల్ని ఇక్కడికి వచ్చేలా చేయడానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?’

చదువుతుంటే ఒక్క క్షణం ఉలిక్కిపడతాం. ఎప్పుడో చెప్పిన మాటను పట్టుకుని, సరైన చోట గుచ్చినట్టు ఉంటుంది. నిజానికి ఎలైజాకు అర్థమైంది శూన్యం. ‘నా’ అనే మాటతో వచ్చే వాక్యాల్లో కొన్నింటిని అది ఒక పక్కన దాచిపెట్టుకునేది. ఎదుటివాళ్లు ఏమన్నారో పట్టుకోవడానికి తెలిసిన మాట ఒక్కటీ దొరకనప్పుడు, దాచిన వాటిలోంచి ఒకటి తీసి ‘దీనికీ దానికీ సంబంధం ఉందా’ అనే అచ్చులో పోసి పంపేది. అంటే ఏం చెప్పాలో తోచనప్పుడు పాత మాట ఎత్తడం. సంభాషణ మొత్తంలో అన్నిటికంటే తెలివిగా కనిపించిన వాక్యం అలా పుట్టింది.

యంత్రంతో కలిసి చెప్పుకునే కథల్లో అరవై ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారమంతా ఈ చిన్న సంగతి చుట్టూనే తిరుగుతోంది. అచ్చు నవలలో ఏది ఎక్కడ నాటాలో, ఎక్కడ తియ్యాలో రచయితకు ముందే తెలుసు. పాఠకుడు మధ్యలో చెయ్యి పెట్టే కథలో అలా కాదు. ఆటగాడు ఏం చేస్తాడో యంత్రానికి తెలియదు, యంత్రం ఏం చెబుతుందో ఆటగాడికి తెలియదు. ఇద్దరినీ కట్టి ఉంచేది అప్పటిదాకా జరిగిన దాని జ్ఞాపకం ఒక్కటే. దాన్ని ఎవరు మొయ్యాలి, ఎంత మొయ్యాలి, అందులోంచి ఎప్పుడు ఏది తియ్యాలి?

మొదటి తరం ఆటలు దీన్ని గోడౌన్ గుమస్తాలా పరిష్కరించాయి. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ 1970ల మధ్యలో, కెంటకీలోని మామత్ గుహల్లో తాను తిరిగిన దారులను ఆధారం చేసుకుని ‘అడ్వెంచర్’ అనే ఆట రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. చిన్న ఇటుకల ఇల్లు, లోపల తాళంచెవులు, లాంతరు, తిండి, నీళ్ల సీసా. కాస్త దూరంలో నేలలోకి దిగే ఇనప జాలీ, దానికి తాళం. తాళంచెవులు మర్చిపోయి వచ్చిన ఆటగాడు వెనక్కి నడవాల్సిందే. ప్రతి వస్తువు పక్కన అది ఏ గదిలో ఉందో, లేక ఆటగాడి చేతిలో ఉందో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎన్నటికీ తప్పదు. వంద ఎత్తుల తర్వాత వచ్చినా నీళ్ల సీసా వదిలిన చోటే ఉంటుంది. ఇది స్టాక్ రిజిస్టరు లాంటి జ్ఞాపకం: ఏది ఎక్కడుందో తెలుసు, అది అక్కడెందుకుందో తెలియదు.

1976లో యేల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మీహన్ తన పీహెచ్‌డీ కోసం రాసిన ‘టేల్‌స్పిన్’ ఇంకో అడుగు ముందుకేసింది. ఇక్కడ వస్తువులతో పాటు పాత్రల తలకాయల్లో ఏముందో కూడా యంత్రం గుర్తుపెట్టుకోవాలి. జంతువుల కథలు అల్లడం దాని పని. అది పాడుచేసిన కథలను మీహనే దాచి పెట్టాడు, వాటిలో ఒకటి ఈ రోజుకీ పాఠం చెప్పేలా ఉంటుంది. జో అనే ఎలుగుబంటికి ఆకలేసింది. తేనె ఎక్కడుందో చెప్పమని ఇర్వింగ్ అనే పిట్టను అడిగింది. పిట్ట చెప్పనంది. చెబితే ఒక పురుగు తెచ్చిపెడతానంది ఎలుగు. పిట్ట సరేనంది. కానీ పురుగులు ఎక్కడుంటాయో ఎలుగుకు తెలియదు, అందుకని పిట్టనే అడిగింది. పిట్ట చెప్పనంది. పురుగు ఎక్కడుందో చెబితే నీకో పురుగు తెచ్చిపెడతానంది ఎలుగు. పిట్ట సరేనంది. కానీ పురుగులు ఎక్కడుంటాయో ఎలుగుకు తెలియదు...

మన ఏడు చేపల కథ కూడా ఇలాగే ఒక ప్రశ్న వెంట ఇంకో ప్రశ్నగా సాగుతుంది కానీ, దానికి చీమ పుట్ట దగ్గర ఆగడం తెలుసు. ఎలుగు కథకు ఆగడం తెలియదు. ఇప్పటికే ఇదే కోరికతో ఇదే పిట్టను అడిగానన్న ఎరుక ఆ ఎలుగుకు లేదు. మీహన్ చేసిన మరమ్మతు చిన్నదే: ఒక పాత్రకు ఒక లక్ష్యం అప్పగించే ముందు, అది దానికి ముందే ఉందేమో చూడాలి. అంటే కొత్త జ్ఞానమేమీ చేర్చలేదు, ఉన్నదాన్ని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకొమ్మన్నాడంతే.

మార్కెట్లో అమ్మే వీడియో గేముల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. వాటిలో జ్ఞాపకమంటే ఎక్కువగా టిక్కు పెట్టే గడులు: దొంగను వదిలేశావా, అవును, ముసలాయనకు మందు ఇచ్చావా, లేదు. గడులు పెరిగేకొద్దీ రాయాల్సిన దారులు రెట్టింపవుతూ పోతాయి కాబట్టి చాలా దారులను కొంతదూరం విడదీసి మళ్లీ ఒకచోట కలిపేస్తారు. 2012లో టెల్‌టేల్ సంస్థ తెచ్చిన ‘ది వాకింగ్ డెడ్’ ఆటలో, ఆటగాడు ఒక మాట అనగానే తెర మూల ‘క్లెమెంటైన్ దీన్ని గుర్తుంచుకుంటుంది’ అని చిన్న అక్షరాలు వచ్చేవి. ఆ పిల్ల నిజంగా ఎంత గుర్తుంచుకుందన్నది తర్వాతి మాట. అక్షరాలు కనిపించగానే ఆటగాడికి టెన్షన్ పట్టుకునేది, తర్వాతి మాట ఆచితూచి అనేవాడు. గుర్తుంచుకున్నామని చెప్పడమే సగం పని చేసిపెట్టింది. 2014లో వచ్చిన ‘షాడో ఆఫ్ మోర్డోర్’ దీన్ని శత్రువుల వైపు నుంచి చేసింది. ఆటగాణ్ణి చంపిన మామూలు ఓర్క్ (రాక్షసజాతి) సైనికుడికి పై హోదా వస్తుంది, మళ్లీ ఎదురైతే పాత పోరాటాన్ని ఎత్తిపొడుస్తాడు; మంటల్లో పడి బతికినవాడు కాలిన మొహంతో తిరిగొస్తాడు. పగ పట్టే ఈ పద్ధతి మీద వార్నర్ బ్రదర్స్‌కు 2021లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. జ్ఞాపకానికి పేటెంటేమిటని చాలామంది డెవలపర్లు గొణుక్కున్నారు, అందులో న్యాయం ఉంది.

వీటన్నిటిలోనూ యంత్రం గుర్తుంచుకునేది కొంచెం, కానీ గట్టిగా. రాసినదాని తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి రాసుకుపోయే భాషా మోడళ్లు వచ్చాక లెక్క తలకిందులైంది.

2019 డిసెంబరులో నిక్ వాల్టన్ ‘ఏఐ డంజన్’ అనే ఆట రెండో రూపాన్ని విడుదల చేశాడు. అడుగున పనిచేసింది ఓపెన్ఏఐ సంస్థ తయారు చేసిన జీపీటీ-2 అనే భాషా మోడల్. ముందుగా రాసిపెట్టిన దారులు లేవు. ఆటగాడు ఏం టైప్ చేస్తే దానికి కథ కొనసాగుతుంది. గుర్రమెక్కమంటే ఎక్కుతుంది, గుర్రానికి పెళ్లి చేయమంటే అదీ చేస్తుంది. ఇంత నోరున్న యంత్రం అంతకు ముందు లేదు. అయితే జీపీటీ-2 ఒకసారికి చూడగలిగేది 1,024 టోకెన్లు (మాటలు, మాటల తునకలు), అంటే ఇంగ్లీషులో ఏడెనిమిది వందల మాటలు. ఆ కిటికీలోంచి కనిపించేదే దానికి ప్రపంచం. కిటికీ దాటి వెనక్కి జారిన వాక్యం మసకబారడం, లీలగా గుర్తుండడం లాంటివేమీ ఉండవు, అది జరగనట్టే. మనుషుల మరుపుకూ దీనికీ పోలికే లేదు.

ఇదెలా ఉంటుందో దగ్గరగా చూడటానికి ఒక కథ ఊహించుకుందాం. గోదావరి ఒడ్డున పాత బంగళా. ఆటగాడు పని మీద ఊరు వదిలి వెళుతూ, లాంచీ సరంగు శివయ్యను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు. ‘శివయ్యా, రాజమండ్రి నుంచి మా చెల్లెలు వస్తుంది. అది వచ్చేదాకా ఇది ఎవరికీ ఇవ్వకు. మా బాబాయి అడిగినా సరే ఇవ్వొద్దు.’ ‘అలాగే బాబుగారూ’ అని శివయ్య దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు. తర్వాత అరవై ఎత్తులు నడిచాయి: పడవ ప్రయాణం, సంతలో గొడవ, కోర్టు కాగితాలు. చివరికి చెల్లెలు వచ్చి శివయ్యను అడిగింది. చిన్న కిటికీ ఉన్న మోడల్ శివయ్య నోట పలికించేది: ‘ఏ తాళంచెవి అమ్మగారూ?’ భాష సొంపుగా ఉంది, మర్యాద తప్పలేదు, మనిషి మాత్రం మారిపోయాడు. ఇంకా ఇబ్బందైన సంగతి ఏమిటంటే, చాలాసార్లు అలా అనదు కూడా. ‘బాబాయిగారు తీసుకెళ్లారమ్మా’ అని అప్పటికప్పుడు ఒకటి కల్పించి, అంతే నమ్మకంగా చెబుతుంది. మరిచిపోయానని తెలియనివాడి మరుపు ఇది.

ఈ కథను తెలుగులో ఆడేవాళ్లకు కిటికీ ఇంకా ఇరుకు. కంప్యూటర్లో తెలుగు అక్షరాన్ని, గుణింతపు గుర్తును, పొల్లును, సున్నను విడివిడిగా రాసుకుంటారు, ఒక్కోదానికి మూడు బైట్లు. ‘తాళంచెవి’ అనే మాట అలా 8 ముక్కలు, 24 బైట్లు. ఇంగ్లీషులో అదే వస్తువు పేరు మూడక్షరాలు, మూడు బైట్లు. టోకెన్ల పట్టీ ఎక్కువగా ఇంగ్లీషు రాతల నుంచి తయారైనప్పుడు ఇంగ్లీషు మాట ఒక్క టోకెన్‌లో ఇమిడిపోతుంది, తెలుగు మాట తునకలవుతుంది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్ఏఐ ఒక పోలిక చూపించింది: ఒకే అర్థమున్న నమూనాకు పాత పద్ధతిలో ఇంగ్లీషులో 27 టోకెన్లు, తెలుగులో 159. కొత్త పద్ధతిలో ఇంగ్లీషుకు 24, తెలుగుకు 45. అంటే అప్పటిదాకా తెలుగులో కథ చెప్పుకునేవాడి యంత్రానికి, ఇంగ్లీషు ఆటగాడి యంత్రంతో పోలిస్తే దాదాపు ఆరో వంతు గుర్తుండేది. ఇప్పుడు సగం దాకా వచ్చింది. తెలుగులో మోడళ్లు ‘కాసేపటికే మర్చిపోతాయి’ అన్న ఫిర్యాదులో కొంత భాగం వట్టి బైట్ల లెక్కే.

ఏఐ డంజన్ వాడేవాళ్లు ఈ మరుపుతో వేగడానికి పనిముట్లు కూడబెట్టుకున్నారు. మొదటిది మేకు కొట్టి తగిలించిన చీటీ: ఎప్పటికీ మరవకూడని నాలుగు వాక్యాలు ఒక పెట్టెలో రాస్తే, ప్రతిసారీ అవి కిటికీలోకి వస్తాయి. పనికొస్తుంది కానీ చీటీ పెరిగేకొద్దీ కథకు చోటు తగ్గుతుంది. రెండోది కార్డులు. శివయ్యకో కార్డు, బంగళాకో కార్డు. కథలో ఆ పేరు కనిపించినప్పుడే ఆ కార్డు లోపలికి వస్తుంది. ఇంగ్లీషుకు ఇది చక్కగా సరిపోయే ఉపాయం. తెలుగులో మాత్రం మాట స్థిరంగా నిలబడదు. ‘ఇల్లు’ అని కార్డు పెడితే ఆటగాడు ‘ఇంట్లో’ అంటాడు. ‘నుయ్యి’ అని పెడితే ‘నూతిలో’ అంటాడు, ‘చెయ్యి’ కాస్తా ‘చేతికి’ అవుతుంది. ‘తాళంచెవి’ అని పెట్టిన కార్డు, రాయలసీమ ఆటగాడు ‘బీగాలు ఎక్కడ?’ అంటే లేవదు. ఇక్కడ కావలసింది అక్షరాల పోలిక కాదు, అర్థాల పోలిక. తర్వాత వచ్చిన వెక్టర్ వెతుకులాట చేసేది అదే. వాక్యాన్ని అంకెల వరుసగా మార్చి, దగ్గరి అర్థమున్న పాత వాక్యాలను పట్టుకొస్తుంది.

మూడోది సారాంశం. జరిగినదంతా ఉంచలేం కాబట్టి, పది పన్నెండు ఎత్తులకోసారి యంత్రం చేతే కుదించి రాయించడం. వినడానికి ఇంతకంటే సబబైన పద్ధతి ఉండదు. కానీ పై కథలో ఏమవుతుందో చూడాలి. మొదటి సారాంశం ఇలా రావచ్చు: ‘అతను తాళంచెవిని శివయ్యకు ఇచ్చాడు. రాజమండ్రి నుంచి చెల్లెలు రావలసి ఉంది.’ ఇంకాస్త కథ నడిచాక ఆ సారాంశాన్నే మళ్లీ కుదిస్తారు: ‘లాంచీ సరంగు శివయ్య అతనికి నమ్మకస్తుడు. అతను కుటుంబం కోసం ఎదురుచూస్తున్నాడు.’ ఒక్క అబద్ధం లేదు. కానీ మొదటిసారికే ‘బాబాయి అడిగినా ఇవ్వొద్దు’ ఎగిరిపోయింది, రెండోసారికి తాళంచెవే ఎగిరిపోయింది. సారాంశం సంఘటనలను దాస్తుంది, షరతులను జారవిడుస్తుంది. కథకు ప్రాణం ఎక్కువగా షరతుల్లోనే ఉంటుంది. బాబాయి మీద నమ్మకం లేదన్న ఆ ఒక్క ముక్కలో ఆస్తి తగాదా అంతా ఉంది.

2023లో స్టాన్‌ఫర్డ్, గూగుల్ పరిశోధకులు కలిసి చేసిన ‘స్మాల్‌విల్’ ప్రయోగం ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ చర్చకు వచ్చింది, అందుకు తగినదే. చిన్న బొమ్మల ఊరు, అందులో 25 పాత్రలు, వెనక చాట్‌జీపీటీని నడిపిన మోడల్. ప్రతి పాత్రకూ తన సొంత జ్ఞాపకాల చిట్టా ఉంటుంది. ఏం చూసినా, ఏం విన్నా, టైముతో సహా అందులో ఒక వాక్యం పడుతుంది. మాట్లాడాల్సి వచ్చినప్పుడు చిట్టా మొత్తం చదవరు, మూడు మార్కులు వేసి పై వరసలో ఉన్నవే తీస్తారు. ఒకటి తాజాతనం: ఒక జ్ఞాపకాన్ని చివరిసారి తీసి ఎన్ని గంటలైతే అన్నిసార్లు 0.995తో గుణిస్తారు. రోజు గడిస్తే 0.89, వారం గడిస్తే 0.43, నెల గడిస్తే 0.03 దగ్గరికి పడిపోతుంది. మధ్యలో ఒకసారి తలచుకుంటే మళ్లీ తాజా అవుతుంది. రెండోది ముఖ్యత: మోడల్నే 1 నుంచి 10 దాకా వెయ్యమంటారు. గది సర్దుకోవడానికి 2, ఇష్టపడిన మనిషిని బయటికి రమ్మని అడగడానికి 8 వేసింది. మూడోది ప్రస్తుత సందర్భానికి దగ్గరితనం. మూడూ సమాన బరువుతో కూడతారు.

దీని పైన ఇంకో అంతస్తు ఉంది. కొత్తగా చేరిన జ్ఞాపకాల ముఖ్యత మార్కులు మొత్తం 150 దాటగానే పాత్ర ఆగి ఆలోచిస్తుంది: ఇటీవలి సంగతులను బట్టి నాకు తెలిసిందేమిటి? ఆ జవాబు కూడా ఒక జ్ఞాపకంగా చిట్టాలోకే వెళుతుంది. ఇది రోజుకు రెండు మూడుసార్లు జరిగేది.

ఫలితం ముచ్చటగానే ఉంది. ఇసబెల్లా అనే హోటలు యజమానురాలి పాత్రకు వాలెంటైన్స్ డే పార్టీ ఇవ్వాలనే ఆలోచన ఒక్కటే పెట్టి వదిలారు. రెండు రోజుల ఆటలో ఆ సంగతి నోటా నోటా పాకి 25 మందిలో 13 మందికి తెలిసింది. 12 మందికి పిలుపు అందింది, ఐదుగురు వచ్చారు. రానివాళ్లలో ముగ్గురు వేరే పని ఉందన్నారు. మిగతా నలుగురు అడిగినప్పుడు ఉత్సాహం చూపించి, ఆ రోజు వచ్చే ఏర్పాటే చేసుకోలేదు. పెళ్లి శుభలేఖలు పంచినవాళ్లెవరికైనా ఈ నలుగురూ బాగా తెలిసినవాళ్లే.

అయితే ఆ పరిశోధకులే తమ పత్రంలో చెప్పిన పాత్రల పొరపాటు ఒకటి ఇంకా లోతైనది. ఊళ్లో ఆడమ్ స్మిత్ అనే పాత్ర ఉంది. పక్కింటి యూరికోను అతని గురించి అడిగితే, ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ రాసిన ఆర్థికవేత్త అంది. అది రాసిన ఆడమ్ స్మిత్ పద్దెనిమిదో శతాబ్దపు మనిషి. యూరికో చిట్టాలో ఆ మాట లేదు, అది మోడల్ చదువుకున్న చదువులోంచి వచ్చింది. భాషా మోడల్‌తో కథ చెప్పించడంలో ఉన్న పెద్ద చిక్కు ఇదే. పాత్రకు ఒక జ్ఞాపకం ఉంది, దాని వెనక మోడల్‌కు ప్రపంచమంత చదువు ఉంది, రెండింటి మధ్య గోడ పలచన. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పంక్చర్లు వేసే కుర్రాడికి కర్ణుడని పేరు పెడితే, పది ఎత్తుల్లో వాడు ఎవరికో ఏదో దానమిచ్చే ప్రమాదం పొంచి ఉంటుంది.

ఇదే గోడ ఇంకోచోట కూడా కూలుతుంది. ఒకే మోడల్ అందరి మాటలూ రాస్తుంది. శివయ్యకూ ఆటగాడికీ మధ్య జరిగిన మాట కిటికీలో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, అక్కడ లేని బాబాయి కూడా నోరు తెరవగానే ‘మొలతాడుకు కట్టుకున్నావటగా’ అంటాడు. రహస్యమనేది లేని ఊరు అది. డిటెక్టివ్ కథ ఆడించబోయినవాళ్లకు ఇది మొదటి అరగంటలోనే ఎదురవుతుంది: హంతకుడెవరో ప్రతి సాక్షికీ తెలిసినట్టే ఉంటుంది. టేల్‌స్పిన్ ఎలుగుబంటి సంగతి దీనికి తిరగేసిన బొమ్మ. దానికి తాను చేసిందే తెలియదు, వీళ్లకు తాము చూడనిది కూడా తెలుసు. స్మాల్‌విల్ పద్ధతిలో మెచ్చుకోవలసింది మార్కుల సూత్రం కంటే ఎక్కువగా, ఎవరి చిట్టా వాళ్లకు విడిగా పెట్టడం.

కిటికీని పెంచితే పోలేదా అనిపిస్తుంది. పెంచారు కూడా. 2024 ఫిబ్రవరిలో గూగుల్ జెమినై 1.5ను పది లక్షల టోకెన్ల కిటికీతో ప్రకటించింది. లావుపాటి నవలలు కూడా అందులో ఇమిడిపోతాయి. కానీ కనిపించడం వేరు, గమనించడం వేరు. 2023లో అమెరికా పరిశోధకులు జవాబు ఉన్న పేరాను పొడవైన పాఠంలో రకరకాల చోట్ల పెట్టి చూశారు. మొదట్లోనో చివర్లోనో ఉన్నప్పుడు అప్పటి మోడళ్లు బాగా పట్టుకున్నాయి, మధ్యలో ఉంటే తడబడ్డాయి. తర్వాతి మోడళ్లు ఈ విషయంలో మెరుగయ్యాయి. అయినా కథలో అవసరమైనది ఒక వాక్యాన్ని వెతికి పట్టుకోవడం మాత్రమే కాదు, అడగకుండానే దాన్ని తలచుకోవడం. చెల్లెలు తాళంచెవి గురించి అడిగితే ఏ మోడలైనా వెతుకుతుంది. చెల్లెలు కంటే ముందు బాబాయి రేవులో దిగితే, శివయ్య చెయ్యి దానంతట అది మొలతాడు మీదికి వెళ్లాలి. అక్కడ ‘తాళంచెవి’ అనే మాటే ఎవరూ అనలేదు.

మార్కుల పద్ధతి కూడా ఇక్కడే బోల్తా పడుతుంది. ముఖ్యత మార్కు సంఘటన జరిగిన క్షణంలోనే పడుతుంది. తాళంచెవి చేతికివ్వడానికి రెండో మూడో వస్తాయి. కథల్లో చిన్నదే తర్వాత పెద్దదవుతుందన్నది ఆ మార్కులకు తెలియదు. దుష్యంతుడు శకుంతల వేలికి తొడిగిన ఉంగరానికి ఆ రోజున ఎన్ని మార్కులు పడేవి? ఆ కథలో రాజుకు జ్ఞాపకం పోలేదు, తలుపు మూసుకుందంతే. చేప కడుపులోంచి ఉంగరం బయటపడగానే అంతా వరసగా గుర్తొచ్చింది. దాచడం, దాచినదాన్ని లేపే గుర్తు రెండూ వేరు పనులన్న సంగతి అంత పాతది.

అష్టావధానం చూసినవాళ్లకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పృచ్ఛకులు సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అంటూ ఎవరిది వారు ఇస్తారు. అవధాని ఒక్కో ఆవృత్తంలో ఒక్కొక్కరి పద్యానికి ఒక్కో పాదం చెబుతూ పోతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి వంకాయ ధర ఎంతనో, నిన్న కల ఏం వచ్చిందనో అడిగి ధ్యాస చెదరగొడతాడు. యంత్రంతో ఆడే మన ఆటగాడు అచ్చం ఆయనే. చివర ధారణలో పద్యాలన్నీ మొదటి నుంచి అప్పజెప్పాలి. అది టేప్ రికార్డర్ జ్ఞాపకం కాదు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుంటాయి, పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరానికి ప్రాస కలవాలి. మాట జారినా ఆ కట్టుబాట్లు దాన్ని వెనక్కి లాక్కొస్తాయి. జ్ఞాపకానికి ఆనుకోవడానికి ఒక కట్టడం ఉంది.

కథకు అలాంటి కట్టడం ఏమిటి? దానికి జవాబు కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన దొరుకుతుంది. అక్కడ రెండు పుస్తకాలుంటాయి. ఒకటి స్టాకుది, ఏ బస్తా ఎక్కడుందో చెబుతుంది. రెండోది అప్పుల ఖాతా. కట్టేసినవాడి పద్దు కొట్టేస్తారు, కట్టనివాడి పేరు పేజీ తిప్పిన ప్రతిసారీ కంట్లో పడుతుంది. అడ్వెంచర్ దగ్గర మొదటి పుస్తకం ఉంది. ఇప్పటి మోడళ్లకు దినచర్య రాసే డైరీ ఉంది, అందులో అన్నీ ఉంటాయి, దేని బరువూ తెలియదు. కథకు కావలసింది రెండోది: ఇచ్చిన మాట, దాచిన రహస్యం, తీరని పగ, చెప్పని కారణం. ఎవరికి ఎవరు బాకీ, ఎప్పుడు చెల్లించాలి, ఎవరెవరికి ఈ సంగతి తెలుసు. అలాంటి ఖాతాలో శివయ్య పద్దు ఒక్క వరుసే: ‘తాళంచెవి శివయ్య దగ్గర, చెల్లెలికి ఇవ్వాలి, బాబాయికి కాదు, తెలిసినవాళ్లు ఇద్దరు.’ టోకెన్లలో ఇది ఏ మూలకూ రాదు. సారాంశం లాగా ఇది అరగదు, ఎందుకంటే దీన్ని కుదించరు, తీరాక కొట్టేస్తారు. ప్రతి సన్నివేశానికి ముందు ప్రోగ్రాం ఈ పుస్తకం తెరిచి, ఇప్పుడు రంగం మీద ఉన్నవాళ్లకు సంబంధించిన వరుసలే మోడల్ ముందు పెట్టాలి. లెక్క ప్రోగ్రాం చూసుకుంటే మాట మోడల్ చూసుకుంటుంది. బాబాయి రేవులో దిగినప్పుడు ఆ వరుస పైకి రావడానికి ఎవరూ ‘తాళంచెవి’ అనక్కర్లేదు, బాబాయి పేరు చాలు.

ఇది సులువని కాదు. ఏది బాకీ, ఏది ఊసుపోక అన్న మాట అని తేల్చడం మళ్లీ మోడల్ పనే, అక్కడ అది తప్పు చేస్తుంది. ‘ఎప్పుడైనా కాశీ చూడాలి’ అని ఆటగాడు ఊరికే అన్నదాన్ని బాకీగా రాసుకుంటే, కథ పట్టుబట్టి అతన్ని రైలెక్కిస్తుంది. ప్రతి చిన్న మాటనూ తిరిగి తెచ్చే యంత్రం కూడా విసుగే. పదేళ్ల కింద ఎవరి పెళ్లిలో ఎవరు ఏమన్నారో తారీఖులతో చెప్పే చుట్టం ఒకరు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ల జ్ఞాపకశక్తిని అందరూ ఒప్పుకుంటారు, పక్కన కూర్చోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు.

కథ దాటి మనిషి దాకా వచ్చే చిక్కు ఇంకొకటి. ఎలైజా తయారీని నెలల తరబడి దగ్గరుండి చూసిన వైజెన్‌బామ్ సెక్రటరీ, దానితో కాస్త మాట్లాడాక ఆయన్ను గదిలోంచి బయటికి వెళ్లమని అడిగిందట. 1976 నాటి తన పుస్తకంలో ఆయనే ఇది రాశాడు. యంత్రంతో కథ ఆడేవాళ్లు పాత్రల చాటున తమ సొంత సంగతులు చాలా చెప్పుకుంటారు. ఎలైజా దాచుకున్నది ఆ సంభాషణ వరకే. ఇప్పటి చాట్‌బాట్లలో సంభాషణ ముగిశాక కూడా నిలిచే జ్ఞాపకం వచ్చింది, 2024 నుంచి చాట్‌జీపీటీలోనూ ఉంది. కథలో చచ్చిపోయిన నాన్నను ఆటగాడి నాన్నగా రాసుకోవడానికీ, నిజంగా పోయిన నాన్నను కథలో సరుకుగా వాడుకోవడానికీ మధ్య అడ్డుగా ఉండేది, ఏ మాట ఎవరిదన్న ఒక్క గుర్తు. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తుడిపించుకునే హక్కు ఇచ్చింది. వాక్యాన్ని తుడవడం తేలికే. ఆ వాక్యాన్ని చదివి యంత్రం రాసుకున్న సారాంశం, ఆ సారాంశం మీద పాత్ర చేసుకున్న ఆలోచన ఎక్కడెక్కడికి చేరాయో వెతకడం తేలిక కాదు.

కథలోనే ఇది కనిపిస్తుంది. ఇలాంటి ఆటల్లో చేసిన ఎత్తును వెనక్కి తీసుకునే బటన్ ఉంటుంది. శివయ్యకు తాళంచెవి ఇచ్చాక ఆటగాడికి అనుమానం వచ్చింది. బటన్ నొక్కి ఆ ఎత్తు చెరిపేశాడు, తాళంచెవి తన సంచిలోనే పెట్టుకున్నాడు, కథ వేరే దారిన పోయింది. కానీ ఆ మధ్యలోనే సారాంశం ఒకటి తయారై పక్కన పడింది. నలభై ఎత్తుల తర్వాత చెల్లెలు లాంచీ దిగి వస్తుంది. ఆటగాడు సంచిలో చెయ్యి పెట్టేలోపే శివయ్య ముందుకొచ్చి, ‘ఇదిగోండి అమ్మగారూ, బాబుగారు మీకే ఇమ్మన్నారు’ అంటూ మొలతాడు విప్పుతాడు.